పాత మోటారు స్థానమున క్రొత్త పంపును ఎన్నుకొను విధము

బావిమీది మోటారు కాలిపోయిన దినమున రైతునకు ఆలోచించుటకు వ్యవధి యుండదు. మిరప పూతమీద నుండును, నేల నెఱియలు విచ్చుచుండును, వైండింగు చేయువాడు మూడు దినములు గడువడుగును. అట్టి తొందరలో పట్టాదారు ఖమ్మమునకో కొత్తగూడెమునకో పోయి, అంగడివాడు చూపిన పంపును గాని, పొరుగువాడు బిగించినదానికంటె ఒక మెట్టు పెద్దదానిని గాని కొని, బండిలో వేసికొని వచ్చును. ఆ పంపు పది పండ్రెండు సంవత్సరములు ఆ బావిమీదనే యుండును. ఒక్క దినపు తొందరకు పండ్రెండేండ్ల నష్టము. కావున మోటారు కాలకముందే, అది నడచుచుండగనే, దాని స్థానమున ఏది రావలయునో లెక్క వేసికొని యుంచుకొనుట యుక్తము. ఆ లెక్క యెట్లు చేయవలయునో ఈ క్రింద వివరింపబడినది.

మోటలు నడచిన కాలమున ఈ లెక్క రైతులందరకు తెలిసియే యుండెను. బావి లోతును బట్టి మోటదారి పొడవును, నీటి యూటను బట్టి మోట పరిమాణమును, ఆ రెంటిని బట్టి ఎడ్ల జతలను నిర్ణయించుకొనెడివారు. చిన్న మోటకు నాలుగు జతల ఎడ్లను కట్టిన రైతును ఊరు నవ్వెడిది, ఏలయన ఎడ్లు తిను మేత కంటికి కనబడును. కరెంటు మోటారు తిను మేత కంటికి కనబడదు. అందువలన మూడు హార్సుపవరుల పని యున్నచోట ఐదును, ఐదున్నచోట ఏడున్నరయు బిగింపబడుచున్నవి.

పంపును కొనువారు మొట్టమొదట "ఎన్ని హార్సుపవరులు" అని యడుగుట వాడుక. ఇది ఎడ్లను కొనబోయి మేత యెంత తినునని మాత్రమే విచారించుట వంటిది. హార్సుపవరనునది మోటారు ఎంత బలమును చూపగలదో తెలుపునే కాని, నీరెంత వచ్చునో తెలుపదు. అడుగవలసినవి రెండే. సెకనుకు ఎన్ని లీటర్ల నీరు కావలయును? ఆ నీటిని ఎన్ని మీటర్ల యెత్తునకు లేపవలయును? ఈ రెండవదానినే అంగళ్ళలో హెడ్డు అందురు. మీటరనగా మూడడుగుల మూడంగుళములకు కొంచెమెక్కువ. ఈ రెండు సంఖ్యలను గుణించి 75 చేత భాగించిన యెడల నీటిని లేపుటకు నిజముగా పట్టు హార్సుపవరు వచ్చును. పంపులోను మోటారులోను కొంత బలము వ్యర్థమగును గనుక కరెంటు అంతకంటె ఎక్కువగా పట్టును. ఎంత ఎక్కువగా పట్టుననునదే మంచి పంపునకును చెడ్డ పంపునకును గల భేదము.

ఇక నీటిని కొలుచుట. ఇందునకు యంత్రములతో పనిలేదు. నూనె వచ్చెడి 200 లీటర్ల ఇనుప పీపానొకదానిని గొట్టపు మూతిక్రింద నుంచి, నిండుటకు పట్టిన సెకనులను గడియారముతో చూచుకొనవలయును. 33 సెకనులలో నిండినచో సెకనుకు 6 లీటర్లు, 50 సెకనులైనచో 4 లీటర్లు వచ్చుచున్నట్లు. మోటారు వేసిన వెంటనే కాక, అరగంట నడచిన తరువాత కొలువవలయును. మొదట బావి నిండుగా నుండుటచే నీరు ఎక్కువగా దూకి రైతును మోసగించును.

ఎత్తును కొలుచునపుడు బావి గట్టునుండి నీటిమట్టమువరకు త్రాడు వేసి చూచుట చాలదు. పంపు నడచుచుండగా మట్టమెంతవరకు దిగునో అంతవరకు కొలువవలయును. దానికి గట్టునుండి నీరు పడుచోటు ఎంత యెత్తున నున్నదో అదియు, గొట్టములలో నీరు రాచుకొని పోవుటవలన కలుగు నష్టమును చేర్చవలయును. ఈ మూడవదానిని రైతులు లెక్కింపరు. అది ఒక్కొకచో బావి లోతుకంటె హెచ్చుగా నుండును. సెకనుకు 6 లీటర్ల నీరు 50 మిల్లీమీటర్ల లోపలి వ్యాసము గల ప్లాస్టిక్కు గొట్టములో 100 మీటర్ల దూరము పోయినచో సుమారు 19 మీటర్ల ఎత్తు వ్యర్థమగును. అదే నీరు 75 మిల్లీమీటర్ల గొట్టములో పోయినచో నష్టము రెండున్నర మీటర్లే. గొట్టము ఒక అంగుళము వెడల్పయినంత మాత్రమున, ఐదంతస్తుల మేడంత యెత్తునకు నీటిని లేపెడి శ్రమ తప్పిపోవుచున్నది. కాబట్టి పాత సన్నని గొట్టములను అట్లే యుంచి పంపును మాత్రమే మార్చుట సగము పని.

ఇక నీరు పడు మూతి. గట్టుమీద గొట్టమును నిలువున రెండు మీటర్లు లేపి, పైనుండి తెల్లని ధార దూకునట్లు అమర్చుట కొన్ని ఊళ్ళలో ఒక ముచ్చటగా నున్నది. చూచుటకు బాగుగనే యుండును. కాని ఆ రెండు మీటర్లకును ప్రతి గంటయు కరెంటు పోవును, నీరు తగ్గును. మూతి కాలువ మట్టమునకు ఒక జానెడు పైన నున్న చాలును.

ఉదాహరణమునకు, ఏన్కూరు, జూలూరుపాడు ప్రాంతములందలి రాతి నేలలో ఒక మోటబావి యున్నదనుకొందము. వేసవిలో నీటిమట్టము గట్టునకు 12 మీటర్ల లోతున నుండును. నీరు పడుచోటు 3 మీటర్ల ఎత్తున కలదు. గొట్టములు, వంపులు, ఫుట్‌వాల్వులలో నష్టము 3 మీటర్లు. వెరసి 18 మీటర్లు. నీరు సెకనుకు 6 లీటర్లు. ఆరును పదునెనిమిదిని గుణించిన 108, దానిని 75 చేత భాగించిన ఒకటిన్నరకు కొంచెము తక్కువ. నీటికి పట్టు బలము ఇంతే. నూటికి 60 పాళ్ళు పనిచేయు పంపునకు ఇందువలన మోటారు ఇరుసువద్ద సుమారు రెండున్నర హార్సుపవరు కావలయును. కనుక 3 హార్సుపవరుల సెట్టు ఈ బావికి సరిపోవును.

ఆ బావిమీద నిప్పుడు రెండు పర్యాయములు వైండింగు చేయించిన 5 హార్సుపవరుల పాత మోటారు కలదనుకొందము. అది 380 వోల్టుల మీద 8 ఆంపియర్లు తీసికొనుచున్నచో గంటకు నాలుగు యూనిట్లకు పైగా కాల్చుచున్నట్లు లెక్క. నీటిని లేపుటకు నిజముగా పట్టునది ఒక యూనిట్టు మాత్రమే. తక్కిన మూడు యూనిట్లును మోటారును వేడి చేయుటకును, అరిగిపోయిన ఇంపెల్లరు చుట్టును నీరు గిర్రున తిరుగుటకును పోవుచున్నవి. తగిన క్రొత్త సెట్టు ఇదే నీటిని ఇదే యెత్తునకు గంటకు రెండు యూనిట్లకు మించకుండ, లేక కొంచెమే మించి, లేపగలదు. సంవత్సరమునకు వెయ్యి గంటలు నడచెడి బావిమీద సుమారు రెండు వేల యూనిట్లు మిగులును. ఈ జిల్లాల కరెంటులో చాలభాగము సింగరేణి బొగ్గునుండియే పుట్టుచున్నది. ఒక యూనిట్టునకు కిలోలో మూడింట రెండు పాళ్ళ బొగ్గు పట్టునని చూచినను, ఒక్క బావిమీద ఏటేట టన్నుకు పైగా బొగ్గు మిగిలినట్లగును.

"కరెంటునకు సర్కారు పైకము పుచ్చుకొనదు గదా, యూనిట్లు మిగిలిన మాకేమి లాభము" అని రైతులు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు 2004 సంవత్సరమున ఆరంభమైనది. తెలంగాణలో 2018 జనవరి 1వ తేదీనుండి ఇరువది నాలుగు గంటల సరఫరా ప్రారంభింపబడినది. బిల్లు చెల్లింపని రైతునకు యూనిట్టు ధర తెలియదు. కాని అతడు వేరొక రూపమున చెల్లించుచునే యున్నాడు. వైండింగు ఖర్చు, మోటారు దింపి యెక్కించు కూలి, ఎండిన పైరు, ట్రాన్స్‌ఫార్మరు కాలిన వారము దినములు, ఇవన్నియు ఆ బిల్లే.

ఇది జరుగు విధమును కొంచెము వివరముగా తెలిసికొనుట మంచిది. అడవి అంచు గ్రామములకు కరెంటు దూరమునుండి సన్నని తీగల మీద వచ్చును. తీగ చివర నున్న బావులకు వోల్టేజి పడిపోవును. వోల్టేజి నూటికి ఎనుబదికి దిగినచో మోటారు త్రిప్పు బలము నూటికి అరువది నాలుగునకు దిగును. బరువు మాత్రము తగ్గదు. అందువలన మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగును. ఆంపియర్లు నాలుగవ వంతు పెరిగినచో తీగచుట్టలోని వేడి సగమునకు పైగా పెరుగును. ఒక మోటారు ఎక్కువ లాగిన కొలది ఆ తీగమీద నున్న తక్కిన మోటార్లకు వోల్టేజి మరింత పడును, అవియు ఎక్కువ లాగును. 25 కే.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరుమీద 5 హార్సుపవరుల మోటార్లు నాలుగు ఒక్కసారి నడచిన దాని శక్తి ఇంచుమించు పూర్తియగును. ఐదవవాడు స్టార్టరు నొక్కినపుడు అందరికిని నష్టమే. ఆ నలుగురైదుగురును తమ తమ బావులకు తగిన 3 హార్సుపవరుల సెట్లు బిగించుకొన్నచో అదే ట్రాన్స్‌ఫార్మరు ఆరుగురిని మోయును. పంపును ఎన్నుకొనుట ఒక్క రైతు సొంత విషయము కాదని దీనివలన తెలియగలదు. ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది పట్టాదారులు ఒకచోట కూర్చుండి ఈ లెక్కలు వేసికొనుట ఎంతేని అవసరము.

ఈ కారణముననే 2005 సంవత్సరమున ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వము ఉచిత విద్యుత్తు పొందు రైతులకు నాలుగు నిబంధనలను విధించినది. అవి ప్రమాణ ముద్ర గల పంపుసెట్టు, కెపాసిటరు, నునుపైన ప్లాస్టిక్కు గొట్టము, రాపిడి లేని ఫుట్‌వాల్వు. నిబంధనలు కాగితముమీద నున్నంత శ్రద్ధగా బావులమీద అమలు జరుగలేదు. కెపాసిటరు చిన్న డబ్బా వంటిది. 5 హార్సుపవరుల మోటారుకు 2 కే.వి.ఏ.ఆర్. పరిమాణము గలది, 3 హార్సుపవరులదానికి 1 కే.వి.ఏ.ఆర్. గలది సరిపోవును. దాని ధర స్వల్పము. అది యున్నచో తీగమీద ఆంపియర్లు తగ్గి, వోల్టేజి కొంత నిలుచును. అయినను పాడైన కెపాసిటరును విప్పి పారవేసి, క్రొత్తది పెట్టక ఊరకుండువారే యెక్కువ.

బావిలో నీరెంత ఊరునో చూడక పంపు పరిమాణమును నిర్ణయింపరాదు. ఖమ్మము జిల్లా పడమటి భాగమున నేలక్రింద నల్లరాయి కలదు. పైనున్న మెత్తని రాతి పొరలోను, బీటలలోను మాత్రమే నీరు నిలుచును. ఆ నీరు బావిలోనికి నెమ్మదిగా వచ్చును. దానిని కొలుచుటకు, ప్రొద్దుట పంపు నడిపి నీటిని బాగుగా దింపి, ఆపివేసి, గంటకు మట్టమెంత పెరిగినదో గుర్తు పెట్టవలయును. 8 మీటర్ల చదరపు బావిలో గంటకు 30 సెంటీమీటర్లు పెరిగినచో 19,200 లీటర్లు ఊరినట్లు. అనగా సెకనుకు 5 లీటర్లకు కొంచెమెక్కువ. మట్టము పైకి వచ్చిన కొలది ఊట మందగించును గనుక మొదటి గంట లెక్కను దినమంతటికి వర్తింపజేయరాదు. ఇట్టి బావిమీద సెకనుకు 12 లీటర్లు లాగు పంపును బిగించినవాడు రెండు గంటలు నడిపి నాలుగు గంటలు కూర్చుండును. నీరు తెగిన పిమ్మట మోటారును కట్టక మరచినచో బుష్‌లు కాలిపోవును. చిన్న పంపు నిదానముగా ఎక్కువ గంటలు నడచినను అంతే నీరు పారును, బావి మట్టము అంతగా దిగదు, లేపవలసిన యెత్తు తగ్గును. కరెంటు రాత్రి కొన్ని గంటలు మాత్రమే వచ్చిన కాలమున పెద్ద పంపు పెట్టుటకు ఒక కారణముండెను. ఉన్న కొద్ది గంటలలో తోడుకొనవలసి వచ్చెడిది. సరఫరా వేళలు పెరిగిన గ్రామములలో ఆ కారణము పోయినది, పంపులు మాత్రము పోలేదు.

పైరునకు ఎంత నీరు కావలయునో కూడ స్థూలముగా చూచుకొనవలయును. ఎకరము నేలమీద 5 మిల్లీమీటర్ల మందమున నీరు నిలుపుటకు 20 వేల లీటర్లు పట్టును. సెకనుకు 6 లీటర్ల పంపు దానిని గంటలో ఇచ్చును. మూడెకరముల మిరపకు అది పుష్కలము.

ఇక అంగడిలో చూడవలసినవి. పంపుమీద ఒక పలక బిగింపబడి యుండును. దానిపై హార్సుపవరు మాత్రమే కాక హెడ్డు ఎంత, ఆ హెడ్డున నీరెంత, మొత్తము సామర్థ్యము నూటికెంత, ఏ హెడ్డు మొదలు ఏ హెడ్డు వరకు వాడదగునో చెక్కబడి యుండవలయును. గట్టుమీది మోనోబ్లాకు పంపులకు భారతీయ ప్రమాణము 9079, బోరులో దింపు సబ్‌మెర్సిబుల్ పంపులకు 8034, మోటబావిలో ముంచు పంపులకు 14220 సంఖ్యలు కలవు. సంఖ్యయు ప్రమాణ ముద్రయు లేనిదానిని ఎంత చవుకగా నిచ్చినను కొనరాదు. వీనికిమించి నక్షత్రముల చీటీ యొకటి కలదు. కేంద్ర ప్రభుత్వము 2001 ఇంధన పొదుపు శాసనము క్రింద 2002 సంవత్సరమున నెలకొల్పిన ఇంధన సామర్థ్య సంస్థ ఈ చీటీని ఏర్పరచినది. ప్రమాణము కోరు కనీస సామర్థ్యమునకంటె పంపు ఎంత మిన్నయో నక్షత్రముల సంఖ్య తెలుపును. ఐదు నక్షత్రములు గలది శ్రేష్ఠము.

అయితే ఇచ్చటనే రైతులు ఎక్కువగా మోసపోవుదురు. ఆ నక్షత్రములు పలకమీద వ్రాసిన హెడ్డునకు మాత్రమే వచ్చినవి. 40 మీటర్లకు చేయబడిన ఐదు నక్షత్రముల పంపును 18 మీటర్ల బావిమీద పెట్టినచో, అది నక్షత్రములు లేని తగిన పంపుకంటె హీనముగా నడచును. అంతేకాక హెడ్డు తక్కువైనపుడు ఇట్టి పంపు తన శక్తికి మించి నీటిని లాగబోయి, మోటారుమీద బరువు పెరిగి ఆంపియర్లు ఎక్కును. "ముందుజాగ్రత్తకు ఎక్కువ హెడ్డుది తీసికొనుడు" అని అంగడివాడు చెప్పెడి మాట జాగ్రత్త కాదు. తరచుగా అదియే మోటారు కాలుటకు మూలము. పైన చెప్పిన బావిలో ఆశ్వయుజమున నీరు 4 మీటర్ల లోతుననే యుండి, మొత్తము హెడ్డు 10 మీటర్లకు దిగవచ్చును, వేసవిలో 18 కావచ్చును. ఈ రెండును పలకమీది హద్దులలో ఇముడవలయును. పంపు మిక్కిలి బాగుగా పనిచేయు హెడ్డు మాత్రము, ఎక్కువ గంటలు ఏ మట్టమున నడచునో దానికి దగ్గరగా నుండవలయును. మిరప రైతునకు అది మార్గశిరమునుండి ఫాల్గుణమువరకు గల మట్టము. అంగడివానివద్ద ప్రతి నమూనాకును హెడ్డును నీటిని చూపు పట్టిక యుండును. దానిని అడిగి తీసికొనవలయును. పట్టిక లేదన్నవాని అంగడిలో బేరము చేయకుండుటయే మేలు.

గట్టుమీద పెట్టు పంపు విషయమున మరొక మాట. గాలి బరువే నీటిని పంపులోనికి త్రోయును గనుక ఎంత మంచి పంపైనను ఆరేడు మీటర్లకు మించి పీల్చలేదు. సిద్ధాంతరీత్యా పది మీటర్లని చెప్పుదురు గాని బావిమీద అది సాగదు. పంపును బావిలోని గూటిలోనికి దింపుటో, ముంచు పంపును వాడుటో చేయవలయును. పీల్చు గొట్టము పంపు నోటికంటె సన్ననిదిగా నుండరాదు.

అశ్వారావుపేట, దమ్మపేట, సత్తుపల్లి వైపున పామాయిలు తోటలు వ్యాపించినవి. ఇచ్చట లెక్క వేరు. తొమ్మిది మీటర్ల ముక్కోణపు ఎడమున నాటిన తోటలో ఎకరమునకు 57 చెట్లుండును. వేసవిలో కాపు చెట్టునకు దినమునకు 200 మొదలు 250 లీటర్లవరకు నీరు ఇచ్చుట వాడుక. ఐదెకరములకు 250 చొప్పున 71 వేల లీటర్లు కావలయును. సెకనుకు 3 లీటర్లిచ్చు బోరు దీనిని ఆరున్నర గంటలలో తీర్చును. బోరులో నడచునప్పటి మట్టము 40 మీటర్లనుకొనిన, డ్రిప్పు చివర ఒత్తిడికి 10, జల్లెడకు 5, గొట్టములకు 5, వెరసి 60 మీటర్లు. మూడును అరువదియు గుణించి 75 చేత భాగించిన రెండున్నరకు కొంచెము తక్కువ. పంపు నష్టము చేర్చిన నాలుగు. 5 హార్సుపవరుల సెట్టు చాలును. ఇట్టి తోటలో ఏడున్నరయు పదియు పెట్టినవారు డ్రిప్పు గొట్టములు పగులకుండుటకై మిగులు నీటిని తిరిగి కాలువలోనికి వదలుచు, ఎత్తిన నీటినే మరల పారవేయుచుందురు. జల్లెడను వారమునకొకసారి కడుగకున్నచో 5 మీటర్ల నష్టము 15 కాగలదు. అప్పుడు పంపును నిందించి ప్రయోజనము లేదు. మణుగూరు, అశ్వాపురము వైపు ఇసుకరాతి నేలలలో బోరునుండి సన్నని ఇసుక వచ్చును. అది ఇంపెల్లరులను అరగదీయును. బోరు వేసినపుడే జల్లి గొట్టమును సరిగా అమర్చి, ఇసుక తేరువరకు నీటిని వదలిన పిమ్మట మాత్రమే క్రొత్త పంపును దింపవలయును.

గోదావరి ఒడ్డున దుమ్ముగూడెము, చర్ల, బూర్గంపాడు వైపున నదినుండియు వాగులనుండియు ఆయిలు ఇంజనులతో నీరు తోడువారు కలరు. (నిజాము రాజ్యపు హద్దు ఈ నదియే. ఆవలి ఒడ్డునున్న భద్రాచలము 1959 సంవత్సరమున ఖమ్మము జిల్లాలో చేరినది.) ఇంజను రైతునకు ఉచితమనునది లేదు. 5 హార్సుపవరుల ఇంజను నిండు బరువుమీద గంటకు ఇంచుమించు ఒక లీటరు డీజిలు త్రాగును. కనుక పైన చెప్పిన లెక్క అందరికంటె ముందు అతడు చేసికొనవలసినది. నది మట్టము మారుటయే ఇచ్చటి చిక్కు. భద్రాచలమువద్ద మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకు ఇత్తురు. 1986 ఆగస్టులో నది 75 అడుగులు దాటినది, 2022 జులైలో 71 అడుగులు దాటినది. వేసవిలో అదే నది ఇసుక మేటల నడుమ సన్నని పాయగా మారును. వరద భయముచే ఇంజనును ఎత్తైన గట్టుననే యుంచి వేసవిలోను కదల్పనివారు పీల్చు ఎత్తును మించి పోవుదురు. పంపు సగము గాలిని, సగము నీటిని లాగుచు డీజిలును కాల్చును. నీటిమట్టము దిగిన కొలది ఇంజనును క్రిందికి దింపి, త్రోయు గొట్టమును పొడిగించుట శ్రమయే గాని డీజిలు కంటె చవుక.

విద్యుత్తు తీగలు రాని అడవి చేలకు సూర్యరశ్మితో నడచు పంపులు వచ్చినవి. కేంద్రము 2019 సంవత్సరమున కుసుమ్ పథకమును ప్రారంభించినది. అటవీ హక్కుల పట్టాలు గల గిరిజన రైతుల భూములకు సౌర పంపులనిచ్చుటకై తెలంగాణ ప్రభుత్వము 2025 మే నెలలో ఇందిర సౌర గిరి జల వికాసమను పథకమును ఆరంభించినది. ఇచ్చట పంపు సామర్థ్యమునకు గల విలువ మరింత స్పష్టముగా తెలియును. చెడ్డ పంపు రెండింతలు కరెంటు తినినచో రెండింతలు పలకలు పరుపవలసి వచ్చును. దరఖాస్తులో ఎన్ని హార్సుపవరులని వ్రాయుటకు పూర్వమే లోతును, ఊటను కొలిచి వ్రాసికొనవలయును.

వేగమును తగ్గించి పెంచు యంత్రములను గూర్చి కూడ ఇప్పుడు అంగళ్ళలో వినబడుచున్నది. పట్టణములలో ధనికుల గృహములందు ఈతకొలనుల నీటిని జల్లెడగుండ త్రిప్పుటకు ఇవి యెంతయు ఉపయోగించును. అచ్చట నీరు ఎత్తునకు పోదు, ఒకే మట్టమున చుట్టి వచ్చును. కనుక పంపు వేగమును సగము చేసిన నీరు సగమగునే కాని, బలము ఎనిమిదవ వంతు చాలును. రెండింతల కాలము నడిపినను నాలుగవ వంతు కరెంటుతో పని తీరును. ఈ లెక్కను చూపి రైతులకును ఆ యంత్రమును అమ్మజూచువారు కలరు. బావిమీద ఈ లెక్క సాగదు. వేగము తగ్గించినంత మాత్రమున బావి లోతు తగ్గదు గదా! సగము వేగమున పంపు చూపగల ఎత్తు నాలుగవ వంతుకు దిగును, నీరు గట్టునకే రాదు. ఒకే బోరునుండి ఒకప్పుడు డ్రిప్పునకు, మరొకప్పుడు కాలువకు వదలెడివారికి ఇది కొంత పనికివచ్చును. తక్కినవారు ఆ పైకముతో గొట్టములు మార్చుకొనుట లాభకరము.

పాత పంపును మార్చవలయునా, బాగుచేయింపవలయునా యను సందేహము కలిగినపుడు మొదట ఖర్చు లేనివానిని చూడవలయును. ఫుట్‌వాల్వు పూడినదేమో, గొట్టపు మూతి అనవసరముగా ఎత్తున నున్నదేమో, గాలి పీల్చుచున్నదేమో పరీక్షింపవలయును. ఇవి సరిచేసిన పిదపను ఆంపియర్లు పూర్వమువలెనే యుండి నీరు మూడవ వంతు తగ్గియున్నచో పంపు అరిగినట్లే. ఒకసారి వైండింగు చేయించుట తప్పుకాదు. సన్నని తీగతో చుట్టించిన మోటారు ప్రతి పర్యాయమును మరింత కరెంటు తినును. మూడవసారి వైండింగునకు ఇచ్చు పైకము క్రొత్తదానికి చేర్చుట మంచిది.

క్రొత్త పంపు బిగించిన దినమున, అమ్మినవాడు గాని బిగించినవాడు గాని ఇంకను బావియొద్ద నుండగనే, పీపా పెట్టి నీటిని కొలువవలయును. మూడు తీగలమీదను ఆంపియర్లు చూపింపవలయును. హార్సుపవరుకు ఒకటిన్నర ఆంపియరుకు మించరాదు, మూడింటిలో ఒకటి మిక్కిలి హెచ్చుగా నుండరాదు. మోటారునకు, స్టార్టరు పెట్టెకు భూమి తీగ వేరుగా వేయించి, గుంతలో బొగ్గు, ఉప్పు వేసి తడిపి యుంచవలయును. ఆనాటి తేదీ, నీటిమట్టము, పీపా నిండిన సెకనులు, ఆంపియర్లు స్టార్టరు పెట్టె తలుపు లోపలివైపున చెరగని రంగుతో వ్రాయించి, ఏటేట మాఘమాసమున మరల కొలిచి దానిక్రింద వ్రాయుచుండవలయును.